టవర్ సైటులో పరికరాలకు కరెంటు: వాట్ల లెక్క నుంచి ఎర్త్ గుంత దాకా

ఊరి చివర గుట్ట మీదో, పంచాయతీ వాటర్ ట్యాంకు పక్కనో ముప్ఫై మీటర్ల టవర్ వేసి నాలుగైదు ఊళ్లకు ఇంటర్నెట్ ఇస్తున్న కేబుల్ ఆపరేటర్లు, చిన్న ఐఎస్‌పీలు ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపిస్తున్నారు. రేడియోలకూ స్విచ్‌కూ వీళ్లు వెనకాడకుండా ఖర్చు పెడతారు. మైనస్ 40 నుంచి 75 డిగ్రీల దాకా తట్టుకునే స్విచ్ తెప్పిస్తారు. దాన్ని వెలిగించేది మాత్రం ఇంటి రౌటర్‌తో వచ్చే ప్లాస్టిక్ అడాప్టరు. దాని వెనక ఒక ఇన్వర్టరు, ఆ వెనక ఊగిసలాడే సింగిల్ ఫేజ్ లైను. స్విచ్ ఎంత గట్టిదైనా సైటు సత్తా ఆ అడాప్టరు దగ్గరే తేలిపోతుంది. "రేడియో హ్యాంగ్ అయింది, రీబూట్ చేస్తే వచ్చింది" అనే ఫిర్యాదు వస్తే రేడియోను అనుమానించే ముందు దానికి అందుతున్న వోల్టేజీ ఎంతో చూడాలి.

ఇక్కడ చెప్పేది ఒకే పద్ధతి: సైటు మొత్తానికి ఒకే 48 వోల్టుల డీసీ లైను. కరెంటు స్తంభం నుంచి వచ్చినా, సోలార్ నుంచి వచ్చినా, జనరేటర్ నుంచి వచ్చినా అంతా ఆ లైను మీదికే రావాలి. పరికరాలన్నీ దాని నుంచే తీసుకోవాలి. మధ్యలో ఇన్వర్టరు ఉండదు.

1. ముందు వాట్లు లెక్కపెట్టండి

డేటాషీటులో రాసే గరిష్ఠ వాట్లు వేరు, పరికరం రోజూ తీసుకునే వాట్లు వేరు. మీకు రెండూ కావాలి. వైరు, ఫ్యూజు గరిష్ఠాన్ని బట్టి. బ్యాటరీ, ప్యానెల్ సగటును బట్టి. వీలైతే పరికరాలన్నీ ఆఫీసులోనే టేబుల్ మీద పెట్టి, ట్రాఫిక్ నడిపి, డీసీ క్లాంప్ మీటరుతో కొలవండి.

ఒక మామూలు సైటు తీసుకుందాం. స్విచ్‌కు 12 వాట్లు. బ్యాక్‌హాల్ రేడియోలు (సైటును మీ మెయిన్ నెట్‌వర్కుతో కలిపేవి) రెండు, ఒక్కోటి 15 చొప్పున 30. సెక్టార్ రేడియోలు (చుట్టూ ఉన్న కస్టమర్లకు ఇచ్చేవి) నాలుగు, ఒక్కోటి 9 చొప్పున 36. కెమెరాకు 7, మానిటరింగ్ బోర్డుకు 3. మొత్తం 88 వాట్లు. కన్వర్టర్లలో, తీగల్లో పోయే నష్టం కలిపితే 100 వాట్లు అనుకోవచ్చు. అంటే రోజుకు 2,400 వాట్-అవర్లు, వాడుక మాటలో రెండున్నర యూనిట్లకు కాస్త తక్కువ. ఇక నుంచి ఈ 100 వాట్లతోనే నడుద్దాం. మీ సైటు లోడు 60 అయితే ఆ నిష్పత్తిలో తగ్గించుకోండి.

వచ్చే ఏడాది పెట్టబోయే రేడియోలను ఇప్పుడే లెక్కలో వేయండి. బ్యాటరీని తర్వాత పెంచడం చెప్పినంత తేలిక కాదు. పాత బ్యాటరీతో కొత్తదాన్ని జత చేస్తే రెండూ సరిగ్గా పనిచేయవు.

2. ఎందుకు 48, ఎందుకు ఇన్వర్టరు వద్దు

ఇన్వర్టరు ఏం చేస్తుంది? బ్యాటరీలోని డీసీని 230 వోల్టుల ఏసీ చేస్తుంది. అడాప్టరు దాన్ని మళ్లీ డీసీ చేస్తుంది. రెండు చోట్లా నష్టమే. పైగా ఏ లోడూ లేకపోయినా ఇన్వర్టరు తన కోసం కొన్ని వాట్లు తింటూనే ఉంటుంది. ఇంట్లో ఫ్యాన్లకూ టీవీకీ అది పట్టించుకోదగ్గది కాదు. ఇరవై నాలుగు గంటలూ 100 వాట్లే నడిచే సైటులో అది మీ బ్యాకప్‌లోంచి గంటల్ని కోసేస్తుంది.

ఇక వోల్టేజీ సంగతి. టవర్ పైన స్విచ్, రేడియోలు కలిపి 60 వాట్ల లోడు పెట్టి, కింది నుంచి 40 మీటర్ల దూరం 2.5 ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) రాగి తీగ లాగారనుకోండి. పోను, రాను 80 మీటర్లకు ఆ తీగ నిరోధం దాదాపు 0.64 ఓములు. 48 వోల్టుల దగ్గర కరెంటు 1.25 ఆంపియర్లు, తీగలో పోయేది 0.8 వోల్టు. అదే 12 వోల్టులతో నడిపితే 5 ఆంపియర్లు కావాలి, తీగలోనే 3.2 వోల్టులు పోతాయి. పైన మిగిలేది తొమ్మిది కూడా ఉండదు. వోల్టేజీ పడితే పరికరం అదే పవర్ కోసం ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, తీగలో ఇంకా పడుతుంది. రాత్రి బ్యాటరీ కాస్త దిగగానే రేడియోలు రీబూట్ అవుతూ ఉండడానికి తరచూ ఇదే కారణం.

48 దాటి ఇంకా పైకి ఎందుకు పోరు? డీసీలో 60 వోల్టుల లోపు ఉంటే మనిషికి షాక్ ప్రమాదం తక్కువని ప్రమాణాలు లెక్కేస్తాయి. ఫుల్ ఛార్జింగ్‌లో కూడా 48 వోల్టుల బ్యాంకు ఆ గీత దాటదు.

ఒక్క జాగ్రత్త. టెలికాం కంపెనీల షెల్టర్లలో ఉండేది మైనస్ 48, అంటే పాజిటివ్‌ను ఎర్త్ చేస్తారు. నేలలో ఉండే రాగి తీగలు తుప్పుతో తినేసుకుపోకుండా టెలిఫోన్ల కాలం నుంచి వచ్చిన అలవాటు అది. మనం బయట కొనే సోలార్ కంట్రోలర్లు, పీఓఈ స్విచ్‌లు (ఈథర్నెట్ కేబుల్‌లోనే డేటాతో పాటు కరెంటు కూడా పంపేవి) ఎక్కువగా నెగటివ్ కామన్‌తో వస్తాయి. వాళ్ల టవర్ మీద చోటు అద్దెకు తీసుకుని వాళ్ల డీసీనే వాడుకునేటట్టయితే మధ్యలో ఐసొలేటెడ్ (రెండు వైపులకూ తీగ సంబంధం లేని) డీసీ-డీసీ కన్వర్టరు పెట్టి తీరాలి. లేకపోతే ఈథర్నెట్ కేబుల్ షీల్డు ద్వారానే షార్ట్ అవుతుంది.

3. పీఓఈ విషయంలో తికమక వదిలించుకోండి

పీఓఈలో ప్రమాణాలు మూడు. 802.3ఏఎఫ్ పోర్టు దగ్గర 15.4 వాట్లు ఇస్తుంది, అవతలి పరికరానికి 12.95 హామీ. 802.3ఏటీ 30 ఇస్తుంది, అందేది 25.5. 2018లో వచ్చిన 802.3బీటీ 90 దాకా పోతుంది, అందేది 71.3. ఇవి కాక పాసివ్ పీఓఈ ఒకటి ఉంది. అవతల ఏముందో చూసుకోకుండా 24 లేదా 48 వోల్టులు తోసేస్తుంది. 24 వోల్టుల రేడియోకు 48 వోల్టుల పాసివ్ ఇంజెక్టరు తగిలిస్తే అక్కడితో దాని పని అయిపోయినట్టే. అందుకే ప్రతి కేబుల్ రెండు చివర్లా వోల్టేజీ రాసి ట్యాగ్ కట్టండి.

చాలామంది గమనించని చిక్కు ఇంకొకటి. 48 వోల్టుల బ్యాటరీ ఎప్పుడూ 48 దగ్గర ఉండదు, 43 నుంచి 58 దాకా తిరుగుతుంది. ఏఎఫ్ పోర్టుకు కనీసం 44 కావాలి, ఏటీకి కనీసం 50, పైన రెండింటికీ హద్దు 57. బ్యాటరీ వోల్టేజీని ఉన్నదున్నట్టు పోర్టులకు పంపే స్విచ్ అయితే లెడ్ యాసిడ్ బ్యాటరీ సగానికి దిగేసరికి 30 వాట్ల రేడియోలు ఆగిపోతాయి. లిథియం బ్యాటరీని 58.4 దాకా ఛార్జ్ చేస్తే పోర్టులు హద్దు దాటతాయి. కొనే ముందే చూసుకోండి: స్విచ్‌లోనే బూస్ట్ సర్క్యూట్ ఉండాలి, లేదా బ్యాటరీకీ స్విచ్‌కూ మధ్య 54 వోల్టులు స్థిరంగా ఇచ్చే కన్వర్టరు ఉండాలి.

కేబుల్ విషయంలో పిసినారితనం పనికిరాదు. నల్లటి అవుట్‌డోర్ తొడుగు, షీల్డు, లోపల అసలైన రాగి. అల్యూమినియం తీగకు రాగి పూత వేసినది బజార్లో చవగ్గా దొరుకుతుంది. దాని నిరోధం రాగి కంటే సగానికి పైగా ఎక్కువ, వంచితే విరుగుతుంది. చాకుతో గీకి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది.

4. బ్యాటరీ: ఎండను చూసి కొనండి

మేలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయటే 45 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలబెట్టిన ఇనుప పెట్టెలో ఇంకా ఎక్కువ. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. ఆ పైన ప్రతి 10 డిగ్రీలకూ అది సుమారు సగమవుతుంది. పదేళ్ల బ్యాటరీ మన సైటులో రెండున్నరేళ్లకే దిగిపోతే కంపెనీ మోసం చేసిందని అనుకోనక్కర్లేదు.

సీల్డ్ లెడ్ యాసిడ్ వాడితే 12 వోల్టులవి నాలుగు సిరీస్‌లో. ఫ్లోట్ వోల్టేజీ (నిండిన బ్యాటరీని అలాగే నిలిపి ఉంచేది) 25 డిగ్రీల దగ్గర 54. వేడి పెరిగేకొద్దీ ఒక్కో సెల్లుకు డిగ్రీకి 3 మిల్లీవోల్టులు తగ్గించాలి, అంటే 40 డిగ్రీల దగ్గర 52.9. ఛార్జర్‌కు టెంపరేచర్ సెన్సర్ ఉంటుంది. చాలా సైట్లలో అది ప్యాకింగ్ కవర్లోనే ఉండిపోతుంది. తీసి బ్యాటరీకి అంటించండి. 43.2 వోల్టుల దగ్గర లోడు తెగిపోవాలి.

నా ఓటు లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కే. 16 సెల్లులది, 51.2 వోల్టులు. వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది. వందలో 80 వంతులు వాడుకోవచ్చు, లెడ్ యాసిడ్‌లో 50 దాటకపోవడమే మంచిది. మన 100 వాట్ల లోడుకు 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) లిథియం బ్యాటరీ ఒకటి నలభై గంటలు ఇస్తుంది. అదే 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాంకు ఒక రోజుకే సరి. ఛార్జింగ్ హద్దు 56 నుంచి 56.8 మధ్య పెట్టుకోండి. ఆఖరి చుక్క నింపడం వల్ల ఒరిగేదేమీ లేదు, పైన చెప్పిన పీఓఈ హద్దు కూడా దాటదు. సున్నా డిగ్రీల కింద దీన్ని ఛార్జ్ చేయకూడదు. లంబసింగిలో టవర్ ఉన్నవాళ్లు తప్ప మిగతావాళ్లు ఆ మాట మర్చిపోవచ్చు.

ఎన్ని గంటల బ్యాకప్ కావాలి? మామూలు కోతలకైతే ఒక రోజు చాలు. కోస్తాలో లెక్క వేరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు వరసగా కూలి రోజుల తరబడి కరెంటు రాలేదు. అన్ని రోజులకు బ్యాటరీ కొనలేం. అక్కడ సోలార్ తప్పనిసరిగా ఉండాలి. చిన్న పెట్రోలు జనరేటర్ తెచ్చి తగిలించుకోవడానికి పెట్టె బయట ఒక సాకెట్, లోపల ఛేంజోవర్ స్విచ్ కూడా పెట్టుకోవాలి.

5. సోలార్ లెక్క

మన ప్రాంతంలో రోజుకు సగటున ఐదు గంటల పూర్తి ఎండకు సమానమైన వెలుగు వస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో అది బాగా పడిపోతుంది. డిజైన్‌కు నాలుగు గంటలు తీసుకోండి. దుమ్ము, వేడి, తీగల నష్టం పోగా 70 శాతం మిగులుతుందనుకుంటే 2,400ను 4తో, ఆపై 0.7తో భాగించాలి. 860 వాట్లు వస్తుంది. ఖాళీ అయిన బ్యాటరీని మళ్లీ నింపడానికి పాతిక శాతం కలపండి. 540 వాట్ల ప్యానెళ్లు రెండు సరిపోతాయి. కరెంటు లైనే లేని సైటయితే మూడు రోజుల బ్యాటరీ పెట్టండి, అంటే 51.2 వోల్టుల 100 ఏహెచ్‌వి రెండు.

రెండు ప్యానెళ్లనూ సిరీస్‌లో కలపాలి. ఒక్క ప్యానెల్ పనిచేసే వోల్టేజీ 41 చిల్లర, అది 48 వోల్టుల బ్యాటరీని నింపలేదు. సిరీస్‌లో ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ వంద దగ్గరికి వస్తుంది. చలికాలం తెల్లవారుజామున ఇంకో ఐదు శాతం పెరుగుతుంది. "వందకు వంద సరిపోయింది కదా" అని 100 వోల్టుల కంట్రోలర్ కొంటే జనవరిలో ఒక పొద్దున కాలిపోతుంది. 150 వోల్టుల, 30 ఆంపియర్లకు తగ్గని ఎంపీపీటీ రకం సోలార్ కంట్రోలర్ తీసుకోండి.

ప్యానెళ్లు దక్షిణం వైపు, 15 నుంచి 20 డిగ్రీల వాలుతో. టవర్‌కు దక్షిణాన పెడితే దాని నీడ చాలావరకు తప్పుతుంది. ఒక మూల పడ్డ టవర్ కాలి నీడ కూడా సిరీస్ మొత్తాన్ని దించుతుంది.

6. స్తంభం నుంచి వచ్చే కరెంటు

వ్యవసాయ ఫీడరు నుంచి లాక్కోకండి. అది చట్టవిరుద్ధం. పైగా ఆంధ్రలో ఆ ఫీడరులో ఉండేది రోజుకు 9 గంటలే. ఊరి ఫీడరు మీద సరైన కేటగిరీలో మీటరు తీసుకోండి.

ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్ తెగితే 230 రావాల్సిన చోట 400కు దగ్గరగా రావచ్చు. మోటార్లు నడిచే వేళ 160కి పడిపోవచ్చు. అందుకే 90 నుంచి 300 వోల్టుల దాకా పనిచేసే టెలికాం రెక్టిఫయర్ మాడ్యూల్ (ఏసీని డీసీ చేసేది) కొని, దాని ముందు ఓవర్ వోల్టేజీ ట్రిప్ పెట్టండి. ఈ ఏసీ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

7. పెట్టె

దుమ్మూ నీళ్లూ చొరబడని ఐపీ66 ఇనుప పెట్టె, తెల్ల రంగు. ఎండ తగిలే వైపుల్లో రెండంగుళాల ఖాళీతో ఇంకో రేకు బిగించండి. వీలైతే ప్యానెళ్ల నీడలోనే పెట్టండి. ఈ ఒక్క పనితో ఫ్యాను అవసరం తప్పుతుంది, ఫ్యాను లేకపోతే దాని ఫిల్టరు పూడుకుపోయే బాధ కూడా ఉండదు. తీగలన్నీ అడుగు నుంచే, గ్లాండుల ద్వారా రావాలి. ప్రతి తీగా లోపలికి వచ్చే ముందు కిందికి ఒక వంపు తిరగాలి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ఖాళీ రంధ్రాలు మూసేయండి. లేకపోతే చీమలు చేరతాయి, బల్లులు దూరి టెర్మినళ్ల మధ్య పడి షార్ట్ చేస్తాయి.

స్విచ్ 75 డిగ్రీలు తట్టుకుంటుంది సరే, అందులో గుచ్చే ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్ మాడ్యూల్)? మామూలువి 70 దాకానే. ఇండస్ట్రియల్ గ్రేడ్ అని రాసి ఉన్నది తీసుకోండి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సముద్రపు గాలి తగిలే సైట్లలో టిన్ పూత ఉన్న రాగి లగ్గులు, 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు వాడండి.

8. ఎర్తింగ్, పిడుగు

ఇక్కడ ఆదా చేసినవాళ్లకు మిగిలినదేమీ లేదు. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. గుట్ట మీద ఎత్తైన ఇనుప వస్తువు మీ టవరే.

అందరూ చేసే తప్పు ఒకటుంది: టవర్‌కు ఒక ఎర్త్, పరికరాలకు "క్లీన్ ఎర్త్" అని దూరంగా ఇంకోటి, రెంటికీ సంబంధం లేకుండా. పిడుగులో 20 వేల ఆంపియర్లు వచ్చి, టవర్ ఎర్త్ 5 ఓములు ఉందనుకోండి. ఆ క్షణాన టవర్ లక్ష వోల్టులకు లేస్తుంది. దూరంగా ఉన్న రెండో ఎర్త్ సున్నా దగ్గరే ఉంటుంది. ఆ తేడా అంతా మీ ఈథర్నెట్ కేబుల్ మీదుగా స్విచ్‌లోంచి పోతుంది. గుంతలు ఎన్ని తవ్వినా ఫరవాలేదు, భూమిలో జీఐ పట్టీతో అన్నిటినీ కలపండి. టవర్ కాళ్లు, పెట్టె, ప్యానెల్ ఫ్రేము, బ్యాటరీ నెగటివ్, ఏసీ ఎర్త్ అన్నీ ఒకే బార్‌కు రావాలి. అప్పుడు లేస్తే అన్నీ కలిసి లేస్తాయి, వాటి మధ్య తేడా ఉండదు.

భారతీయ ప్రమాణాలు ఐఎస్ 3043, ఐఎస్/ఐఈసీ 62305 ఈ పనికి ఆధారాలు. నిరోధం ఎంత తక్కువైతే అంత మంచిది. 5 ఓముల లోపు తేవడానికి చూడండి, రాతి గుట్టల మీద దానికి గుంతలు ఎక్కువ కావాలి. కొలవడం మేలో కొలవండి. వానాకాలంలో ఏ గుంతైనా మంచి రీడింగే చూపిస్తుంది. బొగ్గు, ఉప్పు పోసే పాత పద్ధతిలో ఉప్పు వానకు కొట్టుకుపోతుంది, పైపును కూడా తినేస్తుంది. బెంటొనైట్ రకం మిశ్రమం ఎక్కువ కాలం నిలుస్తుంది.

టవర్ కొన నుంచి దిగే ఎర్త్ పట్టీ తిన్నగా దిగాలి, మూలలు తిరగకూడదు. ప్రతి ఈథర్నెట్ కేబుల్‌కూ రెండు సర్జ్ ప్రొటెక్టర్లు: రేడియో పక్కన ఒకటి, పెట్టెలోకి దూరే చోట ఒకటి. ఏసీ వైపు టైప్ 1+2 ఎస్‌పీడీ (సర్జ్ ప్రొటెక్టరే), ప్యానెళ్ల వైపు డీసీ ఎస్‌పీడీ. డబ్బు ఉంటే ఇంకో మంచి దారి ఉంది. స్విచ్‌ను టవర్ మీదే పెట్టి, కిందికి లోహం లేని ఫైబర్ దించండి. డేటా దారిలో పిడుగుకు తోవే ఉండదు, కాపాడుకోవాల్సింది ఒక్క డీసీ తీగనే.

9. కలిపే వరస

బ్యాటరీకి వీలైనంత దగ్గర ఫ్యూజు లేదా 40 ఆంపియర్ల డీసీ బ్రేకరు. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ ఇక్కడ పనికిరాదు. డీసీలో లేచే నిప్పు దానంతట అది ఆరదు, బ్రేకరు లోపలే కాలుతుంది. ప్రతి రేడియోకూ వేరే ఫ్యూజు పెట్టండి, ఒకటి షార్ట్ అయితే సైటంతా పోకూడదు.

ఎంపీపీటీకి ముందు బ్యాటరీ కలపాలి, తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. బ్యాటరీ దగ్గర పనిచేసేటప్పుడు ఉంగరం, గడియారం తీసేయండి. స్పానర్ పిడికి టేపు చుట్టండి. ఉరుము వినిపిస్తే టవర్ దిగిపోవాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా ఎక్కకూడదు. ఎక్కేవాళ్లకు రెండు కొక్కేల హార్నెస్ లేకుండా పని మొదలుపెట్టకండి.

అన్నీ కలిపాక మెయిన్ ఆపేసి ఒక రాత్రంతా బ్యాటరీ మీద నడపండి. తెల్లారాక పైన రేడియో దగ్గర ఎన్ని వోల్టులు అందుతున్నాయో రాసుకోండి. వారం తర్వాత లగ్గులన్నీ మళ్లీ బిగించండి, కొత్త క్రింపులు వేడికి వదులవుతాయి.

10. దూరం నుంచి చూసుకోవడం

లిథియం బ్యాటరీ వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేరు. తొంభై శాతం దగ్గరా, ముప్ఫై శాతం దగ్గరా పెద్ద తేడా ఉండదు. షంట్ ఆధారంగా ఆంపియర్లు లెక్కబెట్టే మీటరు పెట్టి, రీడింగులను దూరానికి పంపే ఎస్‌ఎన్‌ఎంపీ లేదా మోడ్‌బస్ ద్వారా ఆఫీసుకు తెచ్చుకోండి.

బ్యాటరీ తగ్గేకొద్దీ లోడు విడతలుగా తెగాలి: ముందు కెమెరా, తర్వాత తక్కువ కస్టమర్లున్న సెక్టార్లు, అన్నిటికంటే ఆఖరున బ్యాక్‌హాల్. అది పోతే మీకు సైటు కనిపించదు. తెగే వోల్టేజీకీ మళ్లీ కలిసే వోల్టేజీకీ మధ్య మంచి ఎడం ఉంచండి. 43.2 దగ్గర తెగి 44కే కలిస్తే, లోడు తీసేయగానే బ్యాటరీ కాస్త లేచి కలుస్తుంది, మళ్లీ తెగుతుంది, తెల్లార్లూ ఇదే ఆట. 50 దాటాక కలవనివ్వండి.

రీబూట్ రిలేలకు నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టు (రిలేకు కరెంటు లేనప్పుడు కలిసే ఉండేది) వాడండి. రిలే బోర్డు చచ్చిపోయినా రేడియోలు వెలుగుతూనే ఉంటాయి. పెట్టె తలుపు లోపలి వైపు వైరింగ్ బొమ్మ, సెట్ చేసిన వోల్టేజీల పట్టీ అంటించండి. కింద ఒక కవర్లో ప్రతి రకం ఫ్యూజు రెండేసి, ఈథర్నెట్ సర్జ్ ప్రొటెక్టరు ఒకటి, గ్లాండులు నాలుగు ఉంచండి. గుట్ట ఎక్కినవాడు ఒక ఫ్యూజు కోసం మళ్లీ మండలానికి దిగనక్కర్లేదు.